మిస్ లక్కీ తలుపు తీసిన రోజు

మా అమ్మ పేరు లక్ష్మీకాంతం. కెనడా వచ్చాక ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. స్కూల్ బస్సు నడపడం మొదలుపెట్టిన మొదటి వారంలోనే పిల్లలు లక్ష్మిని లక్కీ చేసేశారు. అప్పట్నుంచి కేంబ్రిడ్జ్‌లో పదిహేడో నంబరు పసుపు బస్సు ఎక్కే పిల్లలందరికీ ఆమె మిస్ లక్కీ.

అమ్మకి భయాలు ఎక్కువ. పాలకొల్లులో జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పదకొండేళ్ళు అసిస్టెంటుగా చేసింది. యాసిడ్ సీసాలు అవలీలగా పట్టుకునేది కానీ, కుక్క ఎదురైతే సందు మార్చేసేది. ఇక్కడికొచ్చాక కుక్కలు పోయి వేరే భయాలొచ్చాయి. ఇమిగ్రేషన్ నుంచి ఈమెయిల్ వస్తే నాన్న ఇంటికొచ్చేదాకా తెరిచేది కాదు. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే మోగినంతసేపూ దానివంక చూస్తూ నిలబడేది. పక్క లేన్‌లో పోలీసు కారు వెళ్తే చాలు, తప్పేమీ చెయ్యకపోయినా వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులతో స్టీరింగ్ బిగించి పట్టుకునేది.

ఒక్క బస్సులోనే ఆమెకి భయం ఉండేది కాదు. నలభై అడుగుల బస్సుని ఇరుకు సందుల్లో అద్దాలు చూసుకుంటూ వెనక్కి తిప్పేసేది. తెల్లవారకముందే యార్డ్‌కి వెళ్ళి, మంచులో బస్సు చుట్టూ తిరిగి లైట్లూ టైర్లూ చెక్ చేసుకునేది. సాయంత్రం ఆఖరి స్టాప్ అయ్యాక, ఎవరైనా పిల్లలు సీట్లో నిద్రపోయి ఉన్నారేమోనని చివరి వరుస దాకా నడిచి చూసొచ్చేది. "బస్సులో ఉన్నంతసేపూ మీరు నా పిల్లలే" అనేది తన ఇంగ్లీషులో. పిల్లలు నవ్వేవాళ్ళు. నాకు సిగ్గేసేది. నేనూ అదే బస్సులో వెళ్ళేదాన్ని మరి. అప్పుడు నేను గ్రేడ్ టెన్.

అబీనా కూడా గ్రేడ్ టెన్. వాళ్ళ అమ్మానాన్నలు ఘానా నుంచి వచ్చారు, తను ఇక్కడే పుట్టింది. పొడగరి, గొంతు పెద్దది. సెప్టెంబర్‌లో మొదటి రోజు తను బస్సెక్కి వెనక సీట్లోంచి ఎవర్నో గట్టిగా పిలిస్తే అమ్మ అద్దంలోంచి చూసి భయపడింది. ఇంటికొచ్చాక, "ఆ నల్ల పిల్ల పక్కన కూర్చోకు స్పందనా. రౌడీలా ఉంది" అంది.

"అమ్మా, అలా అనకూడదు."

"నేనేమన్నాను? జాగ్రత్త అన్నాను."

మర్నాడు అబీనా బస్సెక్కుతూ అమ్మకేసి చూసి "గుడ్ మార్నింగ్, ఆంటీ" అంది. వాళ్ళలోనూ పెద్దవాళ్ళని ఆంటీ అనే పిలుస్తారట. ముప్పై ఒక్కమందిలో మిస్ లక్కీ అనకుండా ఆంటీ అన్నది తనొక్కతే. అమ్మ మొహం చూడాలి అప్పుడు. వారం తిరిగేసరికి "పాపం, ఆ పిల్ల పొద్దున్నే నాలుగున్నరకి లేచి స్విమ్మింగ్‌కి వెళ్తుందట, ఏమైనా తింటుందో లేదో" అనడం మొదలెట్టింది.

తొందరగా లేస్తుంది కాబట్టి సాయంత్రం బస్సులో అబీనా నిద్రపోయేది. ఎడమవైపు ఏడో వరుసలో కిటికీ పక్కన తను, ఇటు నేను. హుడ్ తలమీదకి లాక్కుని, చెవుల్లో పాటలు పెట్టుకుని, అద్దానికి ఆనుకుని పడుకునేది. స్టాప్ రాగానే నేను మోచేత్తో పొడిచి లేపేదాన్ని. అదే మా స్నేహం మొదలు.

నవంబర్ ఆఖరి గురువారం. ఆకాశం మబ్బుగా ఉంది, రోడ్డు పక్కన ఉప్పు కలిసిన బురద మంచు. రెండూ నలభై ఆరుకి బస్సు స్కూలు దగ్గర బయల్దేరింది. మూడు స్టాపులయ్యాయి. పొలాల పక్క రోడ్డు మీదికి వచ్చాక వెనక ఎర్ర, నీలం లైట్లు కనిపించాయి. ఒక పోలీసు కారు మమ్మల్ని దాటి ముందు అడ్డంగా ఆగింది, ఇంకోటి వెనక ఆగింది.

అమ్మ బస్సు పక్కకి తీసి ఆపింది. బ్రేక్ లైట్ ఏదైనా పోయిందేమో అనుకుందట. నాకు అద్దంలో ఆమె కళ్ళు కనిపించాయి. అవి నన్ను వెతుకుతున్నాయి.

పోలీసు తలుపు అద్దం మీద పిడికిలితో కొట్టాడు. "ఓపెన్ ఇట్."

అమ్మ స్విచ్ నొక్కింది. తలుపు తెరుచుకుంది. చల్లగాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది.

ఇద్దరెక్కారు. ముందు పొడుగాటి మగ ఆఫీసర్, వెనక ఒక ఆడ ఆఫీసర్. ప్లాజాలో ఒక షాపులో ఎవరో అమ్మాయి కత్తి చూపించి పారిపోయిందనీ, బస్సెక్కడం చూశారనీ చెప్పాడు. "నల్లమ్మాయి. నల్ల జాకెట్."

"సార్, ఈ బస్సు స్కూలు నుంచి..." అంది అమ్మ. "నో బడీ కమ్ ఇన్. ఓన్లీ గోయింగ్ డౌన్. స్కూల్ టు..." అంతే, ఇంగ్లీషు అక్కడ ఆగిపోయింది. ఎక్కేవాళ్ళ లెక్కా టైములూ రాసుకునే ట్రిప్ షీట్ తీసి చూపించబోయింది. ఆయన దాన్ని చూడలేదు. అప్పటికే సీట్ల మధ్య నడుచుకుంటూ వస్తున్నాడు.

బస్సులో సగం మందికి నల్ల జాకెట్లే. నాక్కూడా. ఆయన బూట్లు ఒక్కో వరుసా దాటుతున్న చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. మా వరుస దగ్గర ఆగాయి.

అబీనా కదలకుండా పడుకునుంది, హుడ్ కళ్ళ మీదకి ఉంది.

"హే. చేతులు చూపించు."

అబీనా కదల్లేదు.

ఆయన నన్ను చూశాడు. "నువ్వు ఈమెతో ఉన్నావా? నీ ఫ్రెండా?"

ఆయన నడుముకున్న తుపాకీ సరిగ్గా నా కళ్ళ ఎత్తులో ఉంది. "నో" అన్నాను. "ఊరికే ఇక్కడ కూర్చుంటాను. అంతే."

"అయితే లే."

నేను లేచాను. అవతలి వరుసలోకి వెళ్ళి కూర్చున్నాను. ఆ రెండు అడుగులూ వేసిన సంగతి నాకు ఇప్పటికీ కాళ్ళలో గుర్తుంది.

ఆయన అబీనా భుజం పట్టి లాగాడు. తను ఉలిక్కిపడి చెయ్యి విసిరింది. అది ఆయన గడ్డానికి తగిలింది. ఆ తర్వాతంతా ఎంత తొందరగా జరిగిందంటే, నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఆయన తనని జాకెట్ పట్టుకుని సీట్ల మధ్యనుంచి ఈడ్చాడు. మోకాళ్ళు మెట్లకి కొట్టుకున్నాయి. ఒక బూటు ఊడి మెట్టు మీద ఉండిపోయింది. బయట గులకరాళ్ళ మీద బోర్లా పడేశాడు. వీపు మీద మోకాలు పెట్టి చెయ్యి వెనక్కి విరిచాడు. అబీనా అరిచింది. "ఆంటీ! ఆంటీ, వాళ్ళకి చెప్పండి!"

అమ్మ లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. ఒక కాలు కింది మెట్టు మీద పెట్టింది. "షి ఈజ్ మై..." అంది.

"మేడమ్, వెనక్కి వెళ్ళి మీ సీట్లో కూర్చోండి!" అంది ఆడ ఆఫీసర్.

అమ్మ వెనక్కి వెళ్ళి సీట్లో కూర్చుంది. సీటు బెల్టు కూడా పెట్టుకుంది.

కింద ఏదో విరిగిన చప్పుడైంది. చిన్న చప్పుడే. బస్సులో చిన్న క్లాసు పిల్లలు కొందరు ఏడవడం మొదలెట్టారు.

ఇరవై నిమిషాల తర్వాత వాళ్ళ రేడియోలో కబురొచ్చింది. అసలు మనిషి సిటీ బస్సులో దొరికిందట. ముప్పై దాటిన ఆవిడ. అబీనా చేతులకి సంకెళ్ళు తీశారు, అంబులెన్సు వచ్చింది. ఆ మగ ఆఫీసర్ కిటికీ దగ్గరికొచ్చి, "మీరు వెళ్ళొచ్చు. మీ రూట్ పూర్తి చేసుకోండి" అన్నాడు.

అమ్మ పూర్తి చేసింది. ప్రతి స్టాప్‌లోనూ ఆగింది, ప్రతిసారీ లైట్లు వేసింది. అబీనా స్టాప్ దగ్గర కూడా ఆగింది. తలుపు తెరిచి, ఎవరూ దిగనందుకు ఏంచేయాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండి, మూసేసింది.

యార్డ్‌లో మేనేజర్ డగ్ అప్పటికే ఒక కాగితం టైప్ చేసి పెట్టాడు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను, గాజు తలుపులోంచి అమ్మ కనిపిస్తోంది. డగ్ చెడ్డవాడేం కాదు. క్రిస్మస్‌కి మాకు చాక్లెట్లు ఇస్తాడు. "ఇది నీ రక్షణ కోసమే, లక్కీ" అంటున్నాడు. అమ్మ తల ఊపుతోంది. తర్వాత సంతకం చేసింది.

ఇంటికొచ్చాక నాన్నకి చెప్పింది. మా నాన్న చక్రధర్ ఒక వేర్‌హౌస్‌లో కంప్యూటర్ సిస్టమ్ చూస్తాడు. ఇక్కడే శాశ్వతంగా ఉండడానికి పీఆర్ అప్లికేషన్ వేసి అప్పటికి ఎనిమిది నెలలు. అన్నం ముందు కూర్చుని అంతా విన్నాడు. లేచి బయటికెళ్ళి ఎవరికో ఫోన్ చేసొచ్చాడు.

"మంచిపని చేశావు కాంతం. సంతకం పెట్టేశావుగా, ఇంక నీ పని అయిపోయింది. ఎవరు అడిగినా నాకేం తెలీదను."

"తెలుసు కదండీ."

"తెలుసని చెప్తే ఏమవుతుందో నీకు తెలుసా? పోలీసుల మీద మనం మాట్లాడ్డమేంటి! మన పీఆర్ ఫైల్ ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది. యోగానంద్ గారిని అడిగాను ఇప్పుడే. మీ జోలికి వచ్చేదాకా మీరు వెళ్ళకండి అన్నారాయన."

యోగానంద్ అంకుల్ ఇరవై ఏళ్ళ క్రితం వచ్చిన మనిషి. ఊళ్ళో తెలుగువాళ్ళకి ఏ ఫారం నింపాలన్నా ఆయన్నే అడుగుతారు. ఆయన మాట అంటే మా ఇంట్లో చట్టం.

ఎవరూ నన్నేమీ అడగలేదు. అడిగుంటే ఆ "నో" గురించి చెప్పేదాన్నేమో. చెప్పేదాన్ని కాదేమో.

సోమవారానికి స్కూల్లో అందరి ఫోన్లలోనూ ఒక వీడియో ఉంది. వెనక సీట్లోంచి ఎవరో తీసిన పదకొండు సెకన్ల ముక్క. అందులో అబీనా చెయ్యి ఆఫీసర్ గడ్డానికి తగలడమొకటే ఉంది. అంతకుముందు ఏం జరిగిందో లేదు, తర్వాత ఏం జరిగిందో లేదు. "ఆమే ముందు కొట్టింది" అన్నారు కొందరు. అబీనా స్కూలుకి రాలేదు. కాలర్ బోన్ విరిగిందని తెలిసింది. ఇంకోటి కూడా తెలిసింది. ఆఫీసర్ మీద దాడి చేసిందని తనమీదే కేసు పెట్టారట.

ఆ వారమే మా టౌన్‌హౌసుల సందులో ఒక పోలీసు కారు వచ్చి ఆగింది. పావుగంట ఉండి వెళ్ళిపోయింది. రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చింది. వేరే ఇంటి గొడవ కోసం వచ్చిందో, ఊరికే ఆగిందో మాకు ఈ రోజుకీ తెలీదు. అమ్మ కర్టెన్లు వేసేసింది. టీవీ సౌండ్ తగ్గించింది. వంటగదిలో నేలమీద కూర్చుని, కిటికీలోంచి నీడ కనపడకుండా, బీన్స్ తరిగింది. నేను మేడమీద నా గదిలో లైటు ఆపేసి, కారు ఇంజిన్ చప్పుడు వింటూ, అది ఎప్పుడు కదులుతుందా అని అంకెలు లెక్కపెట్టాను. రెండు వందలు దాటాక మర్చిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.

బస్సులో కూడా అమ్మ మారిపోయింది. పిల్లలెక్కుతుంటే పలకరించేది కాదు. తలుపు మూసే ముందు రెండుసార్లు, మూడుసార్లు వెనక అద్దం చూసేది. ఒకరోజు అంబులెన్సు సైరన్ వినపడితే ఆకుపచ్చ లైటు ఉన్నా బస్సు కదల్లేదు. వెనక కార్లు హారన్లు కొట్టాయి. ఏడో వరుసలో నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం సామాన్లకి వెళ్ళాం. కొనడం అయ్యాక కార్లో కూర్చున్నాం. అమ్మ తాళం తిప్పబోతుంటే పార్కింగ్‌లోకి పోలీసు కారొకటి వచ్చింది. మాకు దూరంగానే ఉంది. కాఫీ కోసం వచ్చినట్టున్నారు. కానీ అమ్మ ఒక్కసారిగా స్టీరింగ్ కిందకి వంగిపోయింది. నలభై నాలుగేళ్ళ మనిషి, తల మోకాళ్ళ మీద పెట్టుకుని, చిన్నపిల్ల దాక్కున్నట్టు. ఊపిరి గట్టిగా తీస్తోంది.

"అమ్మా, లే. వాళ్ళు మనకోసం రాలేదు."

"వెళ్ళారా?"

"అమ్మా, ఆ కాగితంలో ఏముంది?"

ఆమె లేవకుండానే చెప్పింది. "స్టూడెంట్ మాట వినలేదనీ, ఆఫీసర్ని కొట్టడానికి వచ్చిందనీ ఉంది. డ్రైవర్ రూల్స్ ప్రకారం నడుచుకుందని ఉంది."

"అది అబద్ధం కదా!"

"నాకు తెలుసు."

"తెలిసి ఎలా పెట్టావమ్మా సంతకం? తను నిన్ను పిలిచింది. ఆంటీ అని అరిచింది. నువ్వు సీటు బెల్టు పెట్టుకున్నావు!"

కార్లో నా గొంతు నాకే భరించలేనంత పెద్దగా వినిపించింది. అమ్మ లేచి కూర్చుంది. తిట్టుంటే బాగుండేది. ఆ మొహం చూశాక నేను ఆ మాటలు అంటున్నది ఆమెని కాదని నాకు తెలిసిపోయింది.

"నేను కూడా అమ్మా" అన్నాను. "నీ ఫ్రెండా అని అడిగాడు నన్ను. కాదన్నాను."

అమ్మ నావైపు తిరిగింది. "నీకూ అదే నల్ల జాకెట్" అంది. "నిన్ను లేచి పక్కకి వెళ్ళమన్నాడు. తనని ఈడ్చాడు. నేను అద్దంలో అంతా చూశాను. నీ మీద చెయ్యి వెయ్యనందుకు, స్పందనా, నాకు ఆ క్షణంలో హమ్మయ్య అనిపించింది. తన మీద పడింది, నీమీద పడలేదని. పది రోజుల నుంచి నాకు నిద్ర పట్టనిది దానికే."

పోలీసు కారు వెళ్ళిపోయింది. మేం ఇంకాసేపు కూర్చున్నాం. వెనక సీట్లో పాలు, పెరుగు.

"వాళ్ళ ఇల్లు నాకు తెలుసు" అంది అమ్మ. "నా నాలుగో స్టాప్."

తలుపు తీసింది అబీనా వాళ్ళ అమ్మ. ఎఫువా ఆవిడ పేరు. వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. యూనిఫాంలోనే ఉంది. ఆ రోజు మెట్టు మీద ఉండిపోయిన అబీనా బూటుని అమ్మ ఒక సంచీలో పెట్టి కార్లోనే ఉంచుకుంది, ఆ సంచీ ఆవిడ చేతికిచ్చింది. "ఐ యామ్ ది బస్ డ్రైవర్" అంది.

"నువ్వెవరో నాకు తెలుసు" అంది ఎఫువా ఆంటీ. లోపలికి రమ్మనలేదు. "ఒకటే అడుగుతాను. మా అమ్మాయి స్కూల్ నుంచి ఎక్కిందని నీకు తెలుసు. తలుపు ఎందుకు తీశావు?"

"పోలీస్... ఐ వాజ్ అఫ్రైడ్."

"నేను రోజూ భయపడతాను. పదిహేనేళ్ళ నుంచి. పిల్ల ఇల్లు దాటిన ప్రతిసారీ." ఆవిడ గొంతు పెరగలేదు. "నేను భయపడుతూనే పనికి వెళ్తాను. ఎందుకంటే నువ్వు ఉన్నావు కదా అనుకున్నాను బస్సులో."

అమ్మ ఏడవకుండా నిలబడడానికి తలుపు చట్రం పట్టుకుంది. తర్వాత ఆ కాగితం సంగతి చెప్పింది. వచ్చినంత ఇంగ్లీషులో చెప్పింది, రానిచోట నేను అందించాను. అది మార్చి చెప్తానంది. అప్పుడు ఆవిడ పక్కకి జరిగి దారి ఇచ్చింది.

అబీనా సోఫాలో ఉంది. ఎడమ చెయ్యి మెళ్ళోంచి కట్టిన పట్టీలో ఉంది. మొహం మీద గులకరాళ్ళ గీతలు ఎండిపోయి నల్లగా ఉన్నాయి. నేను కూర్చోడానికి ధైర్యం చాలక నిలబడ్డాను.

"నేను నిద్రపోలేదు" అంది. "లైట్లు చూసి లేచాను. పోలీసులొస్తే కదలకూడదని అమ్మ నాకు ఆరేళ్ళప్పటి నుంచి చెప్తోంది. కదలకపోతే వెళ్ళిపోతారనుకున్నాను."

నాకు ఏం వినబోతున్నానో అర్థమైంది.

"నువ్వన్నది విన్నాను, స్పందనా."

"సారీ" అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో నోట్లోంచి వచ్చాక తెలిసింది. తను తల తిప్పి కిటికీలోకి చూసింది. వెళ్ళిపొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు.

పోలీసుల వల్ల ఎవరైనా గాయపడితే విచారించడానికి వేరే ఆఫీసు ఉంటుంది. ఎఫువా ఆంటీ వాళ్ళ లాయర్ ఆ నంబరు ఇచ్చింది. అమ్మ ఫోన్ చేతిలో పట్టుకుని రెండు రోజులు తిరిగింది. నాన్నకి చెప్పిన రోజు ఇంట్లో పెద్ద గొడవైంది.

"మన బతుకులు రోడ్డున పడేస్తావా?" అన్నాడు నాన్న. నాన్న అరవడం నేను అంతకుముందు వినలేదు. "ఉద్యోగం పోతుంది. ఫైల్ ఎక్కడ ఆగిపోతుందో దేవుడికి తెలియాలి. స్పందనని ఏ ముఖం పెట్టుకుని ఇండియాకి వెనక్కి తీసుకెళ్తాం?"

"నాకూ అదే భయమండీ" అంది అమ్మ. "కాదనట్లేదు. కానీ ఆ పిల్ల మీద కేసు నడుస్తోంది నా సంతకంతో."

నాన్న నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ ఆఫీసు వాళ్ళిచ్చిన అపాయింట్‌మెంట్ రోజున మాత్రం షిఫ్ట్‌కి వెళ్ళకుండా కారు బయటికి తీసి, హీటర్ వేసి కూర్చున్నాడు. మేం వెనక సీట్లో ఎక్కాం. ఆఫీసు ముందు ఆపి, "నేనిక్కడే ఉంటా" అన్నాడు.

అమ్మ తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంది. "ఇంగ్లీషులో అయితే నాకు మాటలు అయిపోతాయి. ఆ రోజు అయిపోయినట్టు" అని నాతో చెప్పింది. ఇంటర్‌ప్రెటర్ ఫోన్‌లో ఉన్నాడు, ఎక్కడివాడో ఏమో. "మీరు వాంగ్మూలము ఇచ్చుటకు సంసిద్ధులేనా?" అని అడిగాడు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. అమ్మకి మాత్రం ఆ గొంతు వినగానే భుజాలు కాస్త దిగాయి.

మొత్తం చెప్పింది. ట్రిప్ షీట్ ఫొటో ఇచ్చింది. రెండూ నలభై ఆరుకి స్కూల్లో బయల్దేరడం, ముప్పై ఒక్కమంది ఎక్కడం, ఆ తర్వాత ఒక్కరు కూడా ఎక్కకపోవడం. ప్లాజా స్కూలుకి ఆరు కిలోమీటర్లు. "ముందు ఆఫీసరే ఆమె భుజం పట్టి లాగాడు. తర్వాతే ఆమె చెయ్యి లేచింది. కాగితంలో రాసింది అబద్ధం. నేను సంతకం పెట్టాను."

"ఎందుకు పెట్టారు?" అడిగింది విచారణ చేస్తున్న ఆవిడ.

"భయపడి."

"ఇప్పుడు మిమ్మల్ని ఎవరైనా బెదిరిస్తున్నారా?"

అమ్మ ఆలోచించింది. "లేదు. ఎవరూ ఏమీ అనలేదు. అయినా భయంగానే ఉంది. ఇక్కడ కూర్చుని కూడా భయంగానే ఉంది. అది రాసుకోండి."

తర్వాత నా వంతు. నేను ఇంగ్లీషులోనే చెప్పాను. నా "నో" కూడా చెప్పాను. అది అవసరం లేదంది ఆవిడ. రాసుకోమన్నాను.

ఫిబ్రవరిలో అబీనా మీద కేసు తీసేశారు. ఏప్రిల్లో ఆ ఆఫీసర్ సంగతి తేల్చారు. నేరం మోపడానికి తగిన ఆధారాలు లేవన్నారు. ఆయన మళ్ళీ డ్యూటీలో చేరాడు. ఒకసారి సిగ్నల్ దగ్గర అమ్మ ఆయన్ని చూసింది. ఆయన ఆమెని గుర్తుపట్టలేదు. ఇంటికొచ్చి వాంతి చేసుకుంది.

కంపెనీ అమ్మని ఉద్యోగం నుంచి తీసెయ్యలేదు. రూట్లు సర్దుతున్నామని చెప్పి పదిహేడో నంబరు ఇంకొకరికి ఇచ్చింది. అమ్మని ఎవరైనా సెలవు పెడితే వాళ్ళ బదులు వెళ్ళే డ్రైవర్‌గా ఉంచింది. రోజుకో కొత్త బస్సు, పేర్లు తెలియని పిల్లలు. డగ్ ఇప్పుడు ఆమెతో వాతావరణం గురించి మాత్రమే మాట్లాడతాడు. పీఆర్ ఇంకా రాలేదు. ఆలస్యం దీనివల్లో, అందరికీ అవుతున్నట్టే మాకూ అవుతోందో ఎవరూ చెప్పలేరు. మెయిల్ వచ్చిన చప్పుడుకి నాన్నా, అమ్మా ఇద్దరూ ఒకేసారి ఫోన్ వైపు చూస్తారు.

అబీనా మార్చిలో స్కూలుకొచ్చింది. బస్సెక్కదు, వాళ్ళ నాన్న దింపుతాడు. క్లాసులో పలకరిస్తే జవాబిస్తుంది. లంచ్‌లో ఒకటి రెండుసార్లు మా టేబుల్ దగ్గర కూర్చుంది. ముందులా మాత్రం లేదు. ముందులా ఉండాలని అడిగే హక్కు నాకు లేదని తెలుసు, అయినా రోజూ ఆశపడతాను. భుజం ఇంకా పూర్తిగా పైకి లేవదు. పూల్‌కి వెళ్తుంది, నీళ్ళలో తేలే పలక పట్టుకుని కాళ్ళతోనే ఈదుతుంది.

మే నెలలో ఒక సాయంత్రం ఎఫువా ఆంటీ ఫోన్ చేసింది. అమ్మ మోగినంతసేపు చూడకుండా ఎత్తింది, నంబరు తెలిసిందే కాబట్టి. ఆ ఆఫీసర్ ప్రవర్తన మీద వాళ్ళు ఫిర్యాదు వేశారు. విచారణ జూన్ పదకొండున. ఆ రోజు వాళ్ళాయనకి సెలవు దొరకలేదు.

"ఆ గదిలో వాళ్ళ ఎదురుగా ఒక్కదాన్నే కూర్చోలేను" అందావిడ. "నువ్వు వస్తావా?"

అమ్మ ఫోన్ చేత్తో మూసి నావైపు చూసింది. పెదాలు పాలిపోయాయి. మళ్ళీ పోలీసులున్న గది, మళ్ళీ పేరు అడగడం, మళ్ళీ రాసుకోవడం.

"ఎన్ని గంటలకి?" అని అడిగింది అమ్మ. చెప్పిన టైము ఫ్రిజ్ మీదున్న క్యాలెండర్‌లో రాసుకుంది. "నేను డ్రైవ్ చేస్తాను. మీరు ఇంటి దగ్గర రెడీగా ఉండండి."

జూన్ పదకొండున పొద్దున ఎనిమిదికి బయల్దేరి, సాయంత్రం నాలుగున్నరకి వచ్చింది. ఏమైందని అడిగాను. ఇంకా తేలలేదంది. ఇంకో రెండు రోజులు పిలుస్తారట. దారిలో ఎఫువా ఆంటీ కిటికీ దించమందనీ, ఆవిడకి ఊపిరాడలేదనీ, తనకీ ఆడలేదనీ, హైవే పక్కన కారాపి ఇద్దరూ పది నిమిషాలు బయట నిలబడ్డారనీ చెప్పింది. తర్వాత చెప్పులు విప్పి, సోఫాలో పడుకుని, లైట్లన్నీ ఉండగానే నిద్రపోయింది. నేను కర్టెన్ వెయ్యబోయి, వెయ్యకుండా వదిలేశాను.